చేతులకు నూరు మార్కులు

ఖస్పా వీధిలో మునిసిపాలిటీ కొళాయి పొద్దున్న అయిదున్నరకి వస్తుంది, ఏడు కొట్టేసరికి ఆగిపోతుంది. వీధిలో అందరూ ఆ గంటన్నరలోనే రోజుకి సరిపడా నీళ్ళు పట్టుకుంటారు. అచ్చమ్మగారింట్లో మాత్రం ఆ గంటన్నరా చిన్నకోడలు సీతాలు సొత్తు. ఆవిడ కొళాయి కడుగుతుంది, కొళాయి కింద గచ్చు కడుగుతుంది, బిందె కడుగుతుంది, బిందె కడిగిన చేతులు కడుగుతుంది, ఆ చేతుల్తో తిప్పిన కొళాయిని మళ్ళీ కడుగుతుంది. పెద్దకోడలు బాలామణి భుజాన తువ్వాలు, చేతిలో ఖాళీ బకెట్టుతో వసారాలో నిలబడి చూస్తూ ఉంటుంది. పదకొండేళ్ళుగా ఇదే వరస.

ఆ రోజు ఆరూ ముప్పావైంది. బాలామణి గొంతు సవరించుకుంది. సీతాలు తలెత్తలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి, ఏదో లెక్క పెట్టుకుంటున్నట్టు. బాలామణి బకెట్టు కాస్త గట్టిగానే కింద పెట్టింది.

దేవుడి గదిలోంచి అత్తగారి గొంతు వచ్చింది. "దానికి అడ్డెల్లకే బాలా. మడినీళ్ళు పడతంది. నీకేటి, బడికెల్లేదానివి, సెంబుడు నీళ్ళు మొహాన కొట్టుకుంటే సాలు."

ఈ మాట అచ్చమ్మగారు మనసులో విషం పెట్టుకుని అనలేదు. ఆవిడ సంస్కృతం పంతులుగారి భార్య, ఆయన పోయి ఆరేళ్ళైంది. తడిచీరతో వంట, పొడుగాటి కర్రతో ఎత్తైన దండెం మీద ఎవరి నీడా పడకుండా ఆరేసిన మడిచీర, ఇవి లేని ఇల్లు ఆవిడ దృష్టిలో ఇల్లే కాదు. సురంగి ఊరి పురోహితుల ఇంటినుంచి సీతాలు వచ్చి ఆ మడిని నాలుగింతలు చేసేసరికి ఆవిడకి పట్టరాని సంతోషమైంది. వీధిలో పదిమందికీ చెప్పుకుంది. చెప్పినప్పుడల్లా చివర ఒక తోక తగిలించేది: "మా పెద్దదీ ఉంది, ఎందుకు."

ఆ తోక బాలామణి గుండెల్లో ముల్లులా దిగేది. సీతాలు రాకముందు తొమ్మిదేళ్ళు ఆ ఇంటికి తనొక్కతే కోడలు. అత్తగారి మోకాళ్ళకి నూనె రాసింది, మామగారి కంటి ఆపరేషనుకి తోడెళ్ళింది, తెలుగు బడిలో పాఠం చెప్పి వచ్చి పదిమందికి వండింది. అదంతా కొళాయి నీళ్ళలో కొట్టుకుపోయింది. భర్త వేణుగోపాలరావు ఛత్రపురం కలెక్టరాఫీసులో గుమాస్తా. ఇంట్లో ఏ మాట లేచినా పేపరు అడ్డం పెట్టుకుంటాడు. మరిది ఆదినారాయణ అస్కా పంచదార మిల్లులో కెమిస్టు, ఆదివారాలు మాత్రం ఇంటికొస్తాడు. కాబట్టి బాలామణి కుళ్ళు వినే నాథుడు లేక, అది లోపలే మగ్గి ముగ్గింది.

సాయంత్రం బడినుంచి వస్తూ గేట్ బజార్లో ఉడకబెట్టిన వేరుశనగకాయలు కొనుక్కుని, వీధి అరుగు మీద కూర్చుని, సుద్ద అంటిన చేతుల్తోనే ఒలుచుకు తినడం బాలామణికి ఉన్న ఒకే ఒక్క తిరుగుబాటు. లోపల కిటికీలోంచి సీతాలు చూస్తోందని తెలిసే తినేది. చూడనీ, అనుకునేది.

దసరా సెలవులయ్యాక కోర్టుపేటలో పంతుళ్ళకి రెండు రోజుల శిక్షణ పెట్టారు. రెండో రోజు భోజనాలయ్యాక, అందరికీ కునుకు పట్టే వేళకి, మహాపాత్రో అనే ఒడియా డాక్టరమ్మ వచ్చింది. మనసు జబ్బుల వైద్యురాలు. కొందరు చేతులు కడిగినవే కడుగుతారు, వేసిన గడియ పదిసార్లు చూస్తారు, అక్కర్లేదని వాళ్ళకీ తెలుసు, మానలేరు, ఇది గుణం కాదు జబ్బు, దీనికి మందు ఉంది అని చెప్పింది. బాలామణికి కునుకు ఎగిరిపోయింది. ఒక్క మాట వదలకుండా నోటుపుస్తకంలో రాసుకుంది. జబ్బు పేరు విని అంత సంతోషపడిన మనిషిని ఆ డాక్టరమ్మ తన సర్వీసులో చూసి ఉండదు.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే అచ్చమ్మగారు మూడు రోజులు పెద్దకోడలితో మాట్లాడలేదు. మడిని పిచ్చి అనే కాలం వచ్చిందా అని గోడతో చెప్పుకుంది. నాలుగో రోజున సీతాలు కూతురు, ఆరేళ్ళ అమ్మడు, బడి పుస్తకం తెచ్చి నానమ్మకి చూపించింది. ఎక్కాల పేజీ మీద ఎర్రటి వేలిముద్రలున్నాయి. ఆ పొద్దున్న తల్లి దాని చేతులు పద్దెనిమిదిసార్లు తోమింది, అరచేతుల్లో చర్మం లేచిపోయింది. అచ్చమ్మగారు ఆ చేతులు చాలాసేపు చూసింది. అప్పుడు బాలామణిని పిలిచి, ఆ డాక్టరు ఎక్కడుంటుందే అని అడిగింది.

డాక్టరమ్మ గదిలో అందరికంటే ముందు సీతాలే నోరు విప్పింది. "అది మడి కాదండీ. మడి కట్టుకున్నోల్ల మనసు సల్లగుంటాది. మా అత్తయ్యని సూస్తన్నాను కదా, ఒక్కసారి తడిపి కట్టుకుంటే ఆవిడకి అయిపోద్ది. నాకు అవ్వదు. ఎవరికీ సెప్పలేక మడి అన్నాను." పదకొండేళ్ళ ఏడుపు ఆ గదిలో ఏడ్చింది. బాలామణి పక్కనే కూర్చుని విన్నది. పాపం అనిపించింది కూడా. కానీ ఆ పాపం అనడం ఇల్లు చేరేవరకే నిలిచింది.

ఎందుకంటే జబ్బని తేలితే సీతాలు నెత్తిమీది కిరీటం దిగుతుందని బాలామణి అనుకుంది. దిగింది. దాని బదులు మెత్తటి పరుపు వేశారు. పిల్ల ఎంత బాధ దిగమింగుకుందో అని అచ్చమ్మగారు పొద్దున్నే కాఫీ మంచం దగ్గరికి తీసికెళ్ళి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆదినారాయణ రోజుకి రెండుసార్లు ఫోను చేసేవాడు. పేపరు చాటున ఉండే వేణుగోపాలరావు కూడా మరదలు మాత్ర వేసుకుందా అని అడగసాగాడు. ఇరవై ఏళ్ళలో బాలామణికి టైఫాయిడ్ వచ్చింది, కాలు విరిగింది. ఎవరూ మంచం దగ్గరికి కాఫీ తేలేదు. మొన్నటిదాకా మడిని చూసి కుళ్ళింది, ఇప్పుడు జబ్బుని చూసి కుళ్ళింది. తనకే సిగ్గేసింది, అయినా కుళ్ళు తగ్గలేదు.

నెల తిరిగేసరికి మాత్రలు కాస్త పని చేశాయి. ఆరున్నరకల్లా కొళాయి ఖాళీ అయ్యేది. అప్పుడు డాక్టరమ్మ ఒక సంగతి చెప్పింది. భువనేశ్వరంలో ఈ జబ్బు మీద పరిశోధన జరుగుతోంది. జబ్బున్నవాళ్ళకి వాళ్ళు భయపడే వస్తువుల బొమ్మలు చూపిస్తూ, ఆ సమయంలో మెదడులో ఏ భాగం ఎంత పని చేస్తోందో పెద్ద అయస్కాంతం యంత్రంతో ఫొటోలు తీస్తారు. కత్తీ లేదు, సూదీ లేదు. పోల్చి చూడ్డానికి జబ్బులేని మనుషులూ కావాలి. అదే ఇంట్లో ఉంటూ రక్తసంబంధం లేని ఆడమనిషైతే మరీ మంచిది. సీతాలు ఒప్పుకుంది. అందరూ బాలామణి వైపు చూశారు. ఆవిడ అడగ్గానే ఒప్పుకుంది. ఆరోగ్యం తనదని యంత్రమైనా ఒప్పుకుంటుంది కదా అని లోపల ఆశ.

చూపించే బొమ్మలు సొంత ఇంట్లోవే ఉండాలట. సీతాలు తను భయపడే పది వస్తువుల పట్టీ రాసి, ఒక్కోదానికి నూటికి ఎంత భయమో మార్కులు వెయ్యాలి. వాటి ఫొటోలు ఇంట్లోవాళ్ళెవరైనా తియ్యాలి. ఫోను బాలామణి దగ్గరే మంచిదుంది కాబట్టి ఆ పని ఆవిడకి పడింది. పట్టీ విప్పి చదివింది. గుమ్మంలో చెప్పులకి నలభై. పాలపాకెట్టుకి యాభై. బస్సు కండక్టరిచ్చిన చిల్లరకి అరవై. కొళాయి తిప్పే మరకి డెబ్బై. మరుగుదొడ్డి తలుపుకి ఎనభై. అలా దిగుతూ వచ్చి పదో గీత దగ్గర ఆగిపోయింది.

"బాలామణక్క చేతులు - 100."

మరుగుదొడ్డికి ఎనభై, తన చేతులకి నూరు. బాలామణి ఆ కాగితం మూడుసార్లు చదివింది. ఇన్నేళ్ళూ తను పెట్టిన అన్నం ముద్ద సీతాలు ఎందుకు ముట్టుకోలేదో, తను తెచ్చిన కూర ఎందుకు మళ్ళీ కడిగేదో ఇప్పుడు అంకె వేసి రాసిచ్చింది. సీతాలు కొళాయి దగ్గరున్న పొద్దుటి వేళల్లో అమ్మడికి ఆరేళ్ళూ అన్నం తినిపించింది ఈ చేతులే. ఫొటో మాత్రం తియ్యక తప్పలేదు. రెండు చేతులూ కిటికీ గట్టు మీద పెట్టి, అమ్మడి చేత ఫోను నొక్కించింది. గోరు సందుల్లో సుద్ద ఉంది, చూపుడువేలికి సిరా ఉంది. ఫొటో చాలా స్పష్టంగా వచ్చింది.

భువనేశ్వరం బయల్దేరే రోజున మరో చిన్న సంగతి జరిగింది. యంత్రం దగ్గరికి ఇనుమూ బంగారమూ ఏదీ పోకూడదు, పుస్తెలతాడుతో సహా తియ్యాలి. మెడ బోసిగా ఉంచలేరు కాబట్టి అచ్చమ్మగారు రెండు పసుపు తాళ్ళకి రెండు పసుపు కొమ్ములు కట్టి తెచ్చింది. ఒకటి సీతాలు మెడలో తన చేత్తో ముడి వేసి, నుదుటిన బొట్టు పెట్టింది. రెండోది బాలామణి చేతిలో పెట్టి, "నువ్వు కట్టుకోవే," అంది. రైల్లో చిలికా సరస్సు పక్కనుంచి పోతున్నంతసేపూ బాలామణికి నీళ్ళు కనిపించలేదు. ఆ ముడే కనిపించింది.

ముందు బాలామణినే పడుకోబెట్టారు. తల కదలకుండా చట్రం బిగించారు. కళ్ళకెదురుగా చిన్న అద్దం, అందులో బొమ్మలు. చుట్టూ ఎవరో పెనం మీద గరిటెతో కొడుతున్నట్టు మోత. చెప్పులు వచ్చాయి, పాలపాకెట్టు వచ్చింది, కొళాయి వచ్చింది. ఆవిడకి ఏమీ అనిపించలేదు, ఇంటి సామాను చూస్తున్నట్టే ఉంది. చివర తన చేతులు వచ్చాయి. అప్పుడు మాత్రం పట్టీలోని నూరు అంకె గుర్తొచ్చింది. ఈ యంత్రం భయాన్నే పట్టుకుంటుందా, అక్కసుని కూడా పట్టుకుంటుందా అని ఒక్క క్షణం బెదిరింది.

తర్వాత సీతాలు వంతు. గాజు తలుపు వెనకనుంచి బాలామణి చూసింది. బయటికి వచ్చేసరికి సీతాలు ఒళ్ళు చెమటతో తడిసిపోయింది, పళ్ళు టకటకలాడుతున్నాయి. చేతులు కడుక్కుంటానంది. రెండో విడత అయ్యేదాకా వద్దన్నారు. ఆవిడ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది, అవి తనని వదిలి పారిపోతాయేమోనన్నట్టు. తోడొచ్చిన ఆదినారాయణ అప్పటికే అస్కా బస్సుకి టైమైందని వెళ్ళిపోయాడు.

అన్నీ అయ్యాక, సీతాలు చేతులు కడుక్కోడానికి వెళ్ళినప్పుడు, పరిశోధన డాక్టరు ఇద్దరి ఫిల్ములూ దీపం మీద పక్కపక్కన పెట్టాడు. బాలామణి ఆత్రంగా వంగింది. ఏది ఎవరిదో తెలియలేదు. తేడా ఎక్కడుందని అడిగింది. ఆయన నవ్వి, విడమరిచి చెప్పాడు. ఈ ఫిల్ములో కనిపించేది మెదడు ఆకారం, ఇద్దరిదీ బాగానే ఉంది. ఒక్క మనిషి ఫొటో చూసి ఈ జబ్బు ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. బొమ్మలు చూస్తున్నప్పుడు తీసినవి వేరే, అవి కంప్యూటరులో ఉంటాయి. ఇలాంటివాళ్ళు చాలామందివి, మీలాంటివాళ్ళు చాలామందివి కలిపి చూస్తేనే, మెదడు ముందుభాగానికీ లోతుభాగానికీ మధ్య నడిచే దారి వాళ్ళలో ఎక్కువ పని చేస్తున్నట్టు తెలుస్తుంది.

"గడియ వేశాక మీకు లోపల 'చాలు' అని ఒక మాట పడుతుంది కదమ్మా," అన్నాడాయన. "ఆవిడకి ఆ మాట పడదు. ఎన్నిసార్లు కడిగినా పడదు. రిపోర్టులో లోపం లేదని ఉంటుంది, అది చూసి జబ్బు లేదనుకుంటారు చాలామంది. అందుకే విడిగా ఉత్తరం రాసి ఇస్తున్నాను, ఇంట్లో అందరికీ చదివి చెప్పండి. మందులు మాత్రం ఆపొద్దు."

బాలామణి తల ఊపింది. రిపోర్టూ ఉత్తరమూ ఒకే కవరులో పెట్టుకుంది.

ఇంటికొచ్చాక అచ్చమ్మగారు ఫిల్ము తీసుకుని, అప్పడం పలచగా వచ్చిందో లేదో చూసినట్టు కిటికీ వెలుగుకి ఎత్తిపట్టింది. "రిపోర్టులో ఏటుంది బాలా? సదివి సెప్పు."

"మెదడులో ఏ లోపమూ లేదని ఉంది అత్తయ్యా."

"అంటే జబ్బు లేదనే కదా?"

సీతాలు గోడకి ఆనుకుని నిలబడి ఉంది, బాలామణి నోటివైపే చూస్తోంది. ఉత్తరం బాలామణి బడి సంచీలో, నాలుగో తరగతి పిల్లల కాపీ పుస్తకాల మధ్య ఉంది. చెయ్యి పెడితే అందుతుంది. మరుగుదొడ్డికి ఎనభై, అని గుర్తొచ్చింది. పసుపుతాడు ముడి గుర్తొచ్చింది.

"రాసింది రాసినట్టు సదివాను. అంతకంటే నాకేటి తెల్సు," అంది.

అచ్చమ్మగారు రెండు చేతులూ జోడించి దేవుడి గది వైపు తిరిగింది. అంత పెద్ద యంత్రమే ఏమీ లేదన్నాక ఆ మాత్రలెందుకు, వేడి చేస్తాయి అని సీసా తీసి అటక మీద పెట్టించింది. ఆదివారం వచ్చిన ఆదినారాయణ కూడా రిపోర్టు చదువుకుని గుండెల మీంచి బరువు దిగినట్టు నిట్టూర్చాడు. ఏమీ లేదని యంత్రం చెప్పాక, ఉందని సీతాలు ఎలా చెబుతుంది.

పదిహేను రోజులు ఏమీ కాలేదు. తర్వాత కొళాయి మళ్ళీ ఏడింటిదాకా సీతాలుదైంది. ఇరవయ్యో రోజు దాటాక సబ్బు సరిపోక బట్టల సోడా వాడడం మొదలుపెట్టింది. ఈసారి అందరికీ అది జబ్బు కాదు కాబట్టి, మొండితనం అయింది. ఏమీ లేదన్నా ఇలా చేస్తావేమని అచ్చమ్మగారే విసుక్కుంది. పదకొండేళ్ళలో అత్తగారు సీతాలుని విసుక్కోవడం అదే మొదలు. అది విన్న రోజు బాలామణికి కడుపు నిండినట్టయింది. రెండో రోజుకి ఆ నిండుతనం పోయింది. మూడో రోజునుంచి ఉత్తరం ఉన్న సంచీ ముట్టుకోవాలంటే భయం వేసేది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ నలభై రోజులు గడిపింది. ఆలస్యమైన కొద్దీ చెప్పడం మరింత కష్టమైంది.

ఆ ఆదివారం పొద్దున్న ఆదినారాయణ అస్కానుంచి వచ్చి పెరట్లోకి నడిచేసరికి సీతాలు కొళాయి కింద పడి ఉంది. నీళ్ళు తలమీంచి పోతున్నాయి. మోచేతులదాకా చర్మం కమిలి ఉడికినట్టుంది. అన్నం గింజ మైలని మూడు రోజులుగా మంచినీళ్ళ మీదే ఉందని అప్పుడు తెలిసింది. ఆయన కేక విని అచ్చమ్మగారు మడిచీరతోనే పరిగెత్తుకొచ్చింది. ఎవరినీ ముట్టని వేళ, ఆ బురదలో కూలబడి కోడలి తల ఒళ్ళో పెట్టుకుంది. ఆసుపత్రిదాకా ఆటోలో అలాగే కూర్చుంది.

సెలైను ఎక్కించి, చేతులకి కట్లు కట్టాక, డాక్టరు మహాపాత్రో వరండాలోకి వచ్చింది. మాత్రలు ఎందుకు ఆపారని అడిగింది. రిపోర్టులో ఏమీ లేదని రాశారు కదండీ అన్నాడు ఆదినారాయణ. ఆవిడ నొసలు చిట్లించింది. "భువనేశ్వరం నుంచి ఉత్తరం ఇచ్చామన్నారే. అందలేదా?"

ఏ ఉత్తరమూ రాలేదన్నాడు ఆదినారాయణ. వేణుగోపాలరావు కూడా లేదన్నాడు. రాలేదంటే రాలేదు, అక్కడితో పోయేది. అడిగేవాళ్ళు లేరు. అప్పుడు బెంచీ మీద తడిచీరతో వణుకుతున్న అచ్చమ్మగారు తలకొట్టుకుంటూ ఏడవడం మొదలుపెట్టింది. "నేనే మాన్పించినాను మందులు. నా సేతులారా నేనే అటకెక్కించినాను. ఈ పాపం నాదే."

బాలామణి అది భరించలేకపోయింది. ఇన్నేళ్ళూ అత్తగారు తన కష్టం తనకి దక్కనివ్వలేదని ఏడ్చింది. ఇప్పుడు తన పాపం కూడా ఆవిడే నెత్తికెత్తుకుంటోంది. ఇంటినుంచి బయల్దేరేటప్పుడే భుజాన వేసుకొచ్చిన బడి సంచీ తెరిచి, కాపీ పుస్తకాల మధ్యనుంచి కవరు తీసి మరిది చేతిలో పెట్టింది.

"నా దగ్గరే ఉంది. ఆ రోజే ఇచ్చారు. సదవలేదు. కావాలనే సదవలేదు."

ఆదినారాయణ ఉత్తరం చదివాడు. పైకి చదివాడు, చివరి వాక్యందాకా. 'మందులు ఏ కారణం చేతా ఆపకండి' అన్నది రెండుసార్లు చదివాడు. వదినగారి ముఖంలోకి సూటిగా చూసి ఎప్పుడూ మాట్లాడని మనిషి, ఆ రోజు చూశాడు. "అది సచ్చిపోయుంటే ఈ కాయితం ఏ పుస్తకంలో దాసుకుందువు వదినా?"

వేణుగోపాలరావుకి అడ్డం పెట్టుకోడానికి అక్కడ పేపరు లేదు. తల దించుకున్నాడు. అందరూ అచ్చమ్మగారు విరుచుకుపడుతుందనుకున్నారు. ఆవిడ బాలామణిని పిలిచి పక్కన కూర్చోమంది.

"పదకొండేళ్ళు దాని జబ్బుని నేను మెచ్చుకున్నాను. మెచ్చుకుని, దాంతో నిన్ను పొడిసినాను. పొడిసీ పొడిసీ నిన్నిలాగ సేసినాను. తప్పు నీది కాదని అన్ను. నీదే. కానీ సగం నాకియ్యి."

బాలామణి అత్తగారి ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. ఆ ఒళ్ళు ఇంకా సీతాలు తలమీంచి కారిన నీళ్ళతో తడిగానే ఉంది.

ఉత్తరం సంగతి సీతాలుకి ఎవరూ చెప్పకూడదని, అది తనే చెప్పాలని బాలామణి ఆ రోజే అడిగింది. కాస్త తేరుకున్నాక చెప్పమంది డాక్టరమ్మ. సీతాలు తేరుకోడానికి రెండు నెలలు పట్టింది. మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి. వాటితోపాటు కొత్త వైద్యం ఒకటి. భయపడే వస్తువుని ముట్టుకోవాలి, ముట్టుకున్నాక గంటసేపు చెయ్యి కడక్కూడదు. భయం పెరుగుతుంది, పెరిగి పెరిగి దానంతటదే దిగుతుంది. ఆ దిగడం మనసుకి నేర్పాలి. పట్టీలో చెప్పులతో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ ఎక్కారు. పక్కన కూర్చునే పని బాలామణి అడిగి తీసుకుంది. చిల్లర అయింది, కొళాయి అయింది, మరుగుదొడ్డి తలుపు అయింది.

శివరాత్రి వెళ్ళిన రెండో రోజు సాయంత్రం పదో గీత మిగిలింది. బాలామణి బడినుంచి వచ్చి, చేతులు కడక్కుండా అరుగు మీద కూర్చుంది. గేట్ బజారు వేరుశనగకాయల పొట్లం పక్కన పెట్టింది. సీతాలు వచ్చి ఎదురుగా కూర్చుంది. లోపల గోడ గడియారం అయిదు కొట్టగానే రెండు చేతులూ చాపి బాలామణి చేతులు పట్టుకుంది. పట్టుకోవడంతోనే ముఖం పాలిపోయింది. వేళ్ళు వణికాయి. బాలామణి తన వేళ్ళని గట్టిగా బిగించలేదు, వదల్లేదు.

పావుగంటైంది. వణుకు కాస్త తగ్గాక బాలామణి చెప్పడం మొదలుపెట్టింది. ఉత్తరం సంగతి చెప్పింది. ఎక్కడ దాచిందో, ఎన్ని రోజులు దాచిందో చెప్పింది. అత్తయ్య విసుక్కున్న రోజు తనకి కడుపు నిండిందన్న సంగతి కూడా దాచలేదు. "'సాలు' అన్న మాట నీకు పడదన్నాడు సీతాలూ ఆ డాక్టరు. నాకూ పడలేదు. ఎంత కుళ్ళుకున్నా సాల్లేదు."

సీతాలు చేతులు లాగేసుకుంది. లేచింది. పెరట్లోకి వెళ్ళింది. నీళ్ళ తొట్టె దగ్గర చెంబు తీసిన చప్పుడు వినిపించింది. బాలామణి కదల్లేదు. కడుక్కోవద్దని చెప్పే హక్కు తనకి లేదనిపించింది. ఆ చేతులు ఎవరైనా కడుక్కోవలసినవే అనిపించింది. కళ్ళు మూసుకుని నీళ్ళ చప్పుడు కోసం ఎదురు చూసింది.

నీళ్ళ చప్పుడు రాలేదు. చెంబు తిరిగి పెట్టిన చప్పుడు వచ్చింది. సీతాలు వచ్చి మళ్ళీ ఎదురుగా కూర్చుంది. చేతులు పొడిగా ఉన్నాయి. ముఖం మాత్రం కన్నీళ్ళతో తడిసి ఉంది.

"కోపమొచ్చింది అక్కా. శానా ఒచ్చింది. కడీసుకుందునే. కానీ కోపం నాది. దాన్నట్టుకెల్లి జబ్బుకెందుకియ్యాలి?"

మళ్ళీ చేతులు చాపింది. బాలామణి పట్టుకోడానికి ధైర్యం చాల్లేదు. సీతాలే పట్టుకుంది.

కాసేపయ్యాక బాలామణి, ఎప్పటినుంచో గొంతులో అడ్డం పడ్డది అడిగింది. మరుగుదొడ్డి తలుపుకంటే తన చేతులు అంత అసహ్యమా అని. సీతాలు తల అడ్డంగా ఊపింది. ఏడుపు మధ్యలోనే నవ్వులాంటిది వచ్చింది.

"అందులో భయం తొంభయ్యే అక్కా. మిగతా పదీ కుళ్ళు. నేను కొళాయి కాడుంటే, అమ్మడు నీ సేతి ముద్ద తినీది. నా సేతికి రానంటే నీ సేతికి ఎగబడీది. సాయంత్రమైతే నువ్వు సుద్ద సేతుల్తో ఇక్కడ కూకుని కాయలు ఒలుసుకు తినీదానివి. కిటికీలోంచి సూసీదాన్ని. సెయ్యి కడక్కుండా తినీసి లేసి ఎల్లిపోడం, అదెంత సుఖమో అని ఏడిసీదాన్ని. అలాంటి సేతులు ఒక్కరోజు నాకుంటే సాలనుకునీదాన్ని."

బాలామణి పదకొండేళ్ళు కిటికీ వైపు వీపు పెట్టి, చూడనీ అని తిన్న కాయలు అవి. లోపల్నుంచి చూసింది ఎగతాళి కాదని, ఆకలని ఇవాళ తెలిసింది.

లోపల గడియారం ఆరు కొట్టింది. గంట అయిందా అని అచ్చమ్మగారు వంటింట్లోంచి అడిగింది. సీతాలు అయిందని జవాబు చెప్పి, కొళాయి వైపు చూడకుండా, పొట్లం వైపు చూసింది.

"ఒకటి ఒలిసి పెట్టక్కా."

బాలామణి కాయ తీసింది. సుద్ద అంటిన వేళ్ళతోనే చిదిపింది. గింజ సీతాలు నోట్లో పెట్టింది. సీతాలు కళ్ళు మూసుకుని నమిలింది. చాలాసేపు నమిలింది. మింగింది. బాలామణి ఆ ముఖమే చూస్తోంది.

"ఉప్పు సాల్లేదు," అని సీతాలు మళ్ళీ నోరు తెరిచింది.